పుస్తెలో మైకు

ఆ రోజు గోదావరిఖనిలోని ఆ చిన్న ఇంట్లో ఐదుగురున్నారు. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన కొమురెల్లి, అతని భార్య నాగవ్వ, సెలవు మీద వచ్చిన వాళ్ల కొడుకు సైంటిస్ట్ నిరంజన్, అతనితో ల్యాబ్‌లో పనిచేసే భూమిక, వెనక గదిలో అద్దెకుంటున్న వనజ.

వనజ సీక్రెట్ ఏజెంట్ అని వాళ్లలో భూమికకు ఒక్కదానికే తెలుసు.

వనజను పంపేటప్పుడు చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ చిన్నదే. "నిరంజన్ ల్యాబ్ నుంచి ఒక గాజు సీసా పట్టుకుపోయాడు. అందులోని ద్రవం నిండా కార్బన్ నానోకణాలు. మామూలు వెలుతురు దాన్ని దాటిపోతుంది. లేజర్ పడితే మాత్రం కణాలు వేడెక్కి, చుట్టూ బుడగలు లేచి, కిరణం చెదిరిపోతుంది. మన పైలట్ల కళ్లకు అదే రక్ష. అతను విదేశీ ముఠాకు అమ్మబోతున్నాడని భూమిక సమాచారం. ఆమె మన మనిషే. ఆ ఇంట్లో చేరు. ప్రతి మాటా నాకు వినిపించాలి."

భర్త దుబాయిలో, తల్లిదండ్రులు లేరు. ఇదీ వనజ కవర్ స్టోరీ. మెడలో పుస్తెలతాడు, ఒక పుస్తెలో మైకు.

కవర్ స్టోరీ మరీ బాగా పనిచేసింది. పెళ్లైన కూతురికి పుట్టింట్లో పోసే ఒడిబియ్యం వనజకు తను పోస్తానని నాగవ్వ పట్టుబట్టింది.

"కూసో బిడ్డా. నాకు ఆడపిల్ల లేదు, నీకు అవ్వ లేదు. ఇంక ఫికర్ ఏంది?"

వనజ పీట మీద కూర్చుని కొంగు పరిచింది. పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఒళ్లో పడుతుంటే తల ఎత్తలేకపోయింది. ఆ చప్పుడు కూడా హైదరాబాద్‌లో ఎవరో వింటున్నారు.

"సిగ్గువడుతుంది సూడు," కొమురెల్లి నవ్వాడు. "నువ్వైతే మన లగ్గంల గూడ గిట్ల తల వంచలే."

"తల వంచుకుంటే మొగన్ని సూసుకునుడెట్ల? గా ఎండుకొబ్బరి కుడుకలు అందియ్యి."

బియ్యం ఒళ్లో ఉన్నంతసేపు లేవకూడదు. భూమిక కాచుకున్నది అందుకే. ఇంట్లో కూడా నల్లద్దాలు తీయని ఆ అందగత్తె, అలమారలోని సీసా తీసి బ్యాగులో వేసుకుంది.

"అది ముట్టకు భూమికా!" నిరంజన్ అడ్డం వచ్చాడు. "ల్యాబ్‌ల దొంగలున్నరనే ఇంటికి తెచ్చిన."

భూమిక చేతిలో పెన్నులాంటి లేజర్ గన్ మెరిసింది. "జరుగు. కళ్లు పోతాయి."

వనజకు అప్పుడు అర్థమైంది. అమ్మబోతున్నది భూమిక. ఆ భూమిక మాట నమ్మి ఇన్నాళ్లూ ఈ ఇంటి మాటలన్నీ దొంగిలించింది.

వనజ లేచింది. బియ్యం ఇల్లంతా చిమ్మింది. "అయ్యో బిడ్డా!" అని నాగవ్వ కేక వేసింది. వనజ భూమిక బ్యాగు లాగి సీసా అందుకుంది.

"ఊపు! కణాలు అడుగున పేరుకున్నయి!" నిరంజన్ అరిచాడు.

ఊపింది. భూమిక మీట నొక్కింది. అదే క్షణంలో వనజ నిరంజన్ కళ్లకు సీసా అడ్డం పెట్టింది. టప్పుమని చిన్న చప్పుడు. ద్రవంలో బుడగలు. కిరణం అక్కడే చెదిరింది.

రెండోసారి నొక్కేలోపు వనజ భూమిక మణికట్టు మెలిపెట్టి, పుస్తెను నోటి దగ్గరికి లాక్కుని కోడ్‌వర్డ్ చెప్పింది. "మానేరు పొంగింది!"

వీధి చివర కూరగాయల ఆటోలోంచి చీఫ్ మనుషులు దూకారు. భూమికను తీసుకెళ్లారు.

"సూపర్ జాబ్," చెవి దుద్దులోంచి చీఫ్ అన్నాడు. వనజ దుద్దు తీసేసింది.

నాగవ్వ నేల మీది బియ్యం ఏరుతోంది. "పుస్తెతోని మాట్లాడినవేంది?"

"అందులో మైకుంది అవ్వా."

"మరి పెండ్లి?"

"కాలేదు."

"నా కొడుకు దొంగ అనుకొని వచ్చినవా?"

అవునన్నట్టు వనజ తల ఊపింది.

"పోనియ్యే," అన్నాడు కొమురెల్లి. "పోరని కండ్లు కాపాడింది."

"కాపాడింది, కాదంటున్ననా?" నాగవ్వ వనజ వైపు చూసింది. "దుబాయిల నీ మొగనికి యాళ్లకు బువ్వ దొరుకుతుందో లేదో అని రోజు అడిగితి. ఒక్కనాడన్న నీకు నవ్వు రాలేదా?"

"రాలేదవ్వా."

అది నిజం. వనజ వంగి బియ్యం ఏరబోయింది. నాగవ్వ ఆమె చేతిని మెల్లగా పక్కకు జరిపింది. వెనక గదిలోంచి ఆమె బ్యాగు తెచ్చి గడప బయట పెట్టింది. వనజ దాని వెంటే బయటికి నడిచింది.

ఆ బ్యాగులో ఎలాంటి తాళాన్నైనా తీసే పరికరం ఉంది. నాగవ్వ తాళం కాదు కదా, గడియ కూడా పెట్టలేదు. తలుపు ఊరికే దగ్గరగా వేసింది. ఆ తలుపు తీసే పరికరం మాత్రం వనజ దగ్గర లేదు.