మెల్లగా పోయి ఉంటే

"సాయంత్రం వస్తాను. అమ్మ బట్టలు సర్ది ఉంచక్కా," అన్నాడు తమ్ముడు ఫోనులో. "ఆ మనిషి ఉన్న ఇంట్లో అమ్మని ఇంక ఉంచలేను. నువ్వేమైనా అనుకో."

ఆ మనిషట... మొన్నమొన్నటిదాకా బావా బావా అంటూ ఆయన వెనకాలే తిరిగినవాడి నోట ఆ మాట! ఆమె ఫోను కుట్టుమిషను మీద పెట్టి, సగం కుట్టిన గౌను ఒళ్ళో వేసుకుని అలాగే కూర్చుండిపోయింది. లోపలి గదిలో మంచం మీద అమ్మ. కుడివైపు కాలూ చెయ్యీ చచ్చుబడిపోయాయి, మూతి పక్కకి లాగేసింది, మాట పోయింది. పెరట్లో రేకుల షెడ్డులో, పాత కారు దగ్గర భర్త. ఆయనకి కాలూ చెయ్యీ అన్నీ బాగానే ఉన్నాయి, మనిషే లేడు.

ఆ కారు ఆమె తండ్రిది. గుండ్రటి ముక్కూ, పొడుగాటి బానెట్టూ ఉన్న పాతకాలపు బండి. తండ్రి పోయాక అమ్మేద్దామంటే అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. అప్పుడు అల్లుడే ముందుకొచ్చి, "నేను చూసుకుంటానత్తయ్యా" అని ఇంటికి తెచ్చాడు. అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఉద్యోగం ఆయనది. ఇంజను సంగతి ఓనమాలు కూడా తెలియనివాడు, పుస్తకాలు తిరగేసి, చేతులు కాల్చుకుని, ఆ బండిని పసిబిడ్డలా సాకాడు. ఇంకే బండి ఎక్కినా అమ్మకి కడుపులో తిప్పుతుంది. ఇది మాత్రం ఎక్కగానే హాయిగా కునుకు తీసేది.

ఆ రోజు అమ్మ తల దువ్వుకుంటూ దువ్వుకుంటూ పక్కకి ఒరిగిపోయింది. ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆయన అత్తగారిని చేతుల మీద ఎత్తుకొచ్చి కారులో పడుకోబెట్టాడు. బండిని ఎప్పుడూ నొప్పి పుట్టనివ్వని మనిషి ఆ రోజు దాని ప్రాణం పోయినా ఫరవాలేదన్నట్టు తోలాడు. ఊరు దాటి పొడుగాటి రోడ్డెక్కాక ముందునుంచి గుప్పున ఆవిరి లేచింది. అద్దంలోంచి దారి కనపడలేదు. బండి నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అటూ ఇటూ పోయే బండ్లకి ఆయన చేతులు జోడించాడు, అడ్డం పడ్డాడు... చివరికి కూరగాయల వ్యానువాడు ఆపేసరికి అమ్మ గొంతులో గురక మొదలైంది.

"ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే," అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట పట్టుకున్నాడు తమ్ముడు. ఆసుపత్రి వసారాలో, అందరూ వింటుండగా, "డొక్కు బండి మోజులో మా అమ్మని మంచానికి కట్టేశావు," అన్నాడు. ఆయన తల దించుకున్నాడు. ఆ దించుకున్న తల మళ్ళీ ఎత్తలేదు.

అప్పటినుంచి షెడ్డే లోకం. ఉద్యోగానికి పోవడం మానేశాడు. కంచం పట్టుకెళితే నిలబడే రెండు ముద్దలు మింగుతాడు, లేకపోతే అదీ లేదు. అత్తగారి గదివైపు తొంగి చూడడు. ఆవిడ ఆయన అడుగుల చప్పుడు వినపడగానే "బా... బా..." అని ఏదో అనబోతుంది. ఆయన చెవులు మూసుకున్నట్టు దాటిపోతాడు. ఎన్ని రాత్రులు దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చిందో ఆమెకే తెలుసు. అమ్మ దక్కింది, సగమే. భర్త కళ్ళముందే కరిగిపోతున్నాడు. ఇప్పుడు ఆ సగం అమ్మనీ తీసుకుపోతే ఈ ఇంట్లో తనకి మిగిలేదేమిటి?

గౌను పక్కన పడేసి షెడ్డుకి వెళ్ళింది. ఆయన బానెట్టు కింద దూరి ఉన్నాడు. ముంజేయి మీద ఎర్రగా బొబ్బ లేచి ఉంది. ఆ సంగతి ఆయనకి తెలిసినట్టే లేదు.

"చెయ్యి కాలింది చూసుకున్నారా?"

"ఊఁ? రేడియేటరు మూత కొంచెం వేడి మీదుండగా తీశాను."

"ఈ బండిని తగలెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇనపసామాను వాడికి ఇచ్చెయ్యండి, పీడ వదులుతుంది."

"తప్పెక్కడుందో తెలియకుండానా?" ఆయన బయటికొచ్చాడు. గడ్డం మాసిపోయింది, కళ్ళు గుంటలు పడ్డాయి. "దీంట్లో ఉంటే దీంట్లో ఉందని తెలియాలి. లేకపోతే తప్పు నాదే. నేను సరిగ్గా చూడకుండా ఆవిణ్ణి ఎక్కించినట్టే. అప్పుడు నేను బతికి ఏం లాభం?"

ఆ మాటకి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఈయన ఇంకా లోపలికి పోతాడు. కొంగుతో ముఖం తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. "ఏం చూశారో నాకు చెప్పండి. మొదటినుంచీ."

ఇన్నాళ్ళకి ఎవరో అడిగారు. ఆయన ముందు తడబడ్డాడు, తర్వాత గబగబా చెప్పుకుపోయాడు. ఫ్యాను బెల్టు బిగువుగానే ఉంది. రేడియేటరులోకి నీళ్ళగొట్టం పెడితే కిందనుంచి నీళ్ళు ధారగా వస్తున్నాయి, పూడిక లేదు. మూత మంచిదే. నీళ్ళలో బుడగలు రావడం లేదు కాబట్టి ఇంజను లోపల పగులు లేదు. వేడెక్కాక నీళ్ళని వదిలే థర్మోస్టాటుని దారం కట్టి మరిగే నీళ్ళలో వేలాడదీసి చూశాడు, చక్కగా తెరుచుకుంది.

"నా పాలగిన్నె ఏమైందా అని ఇల్లంతా వెతికాను," అంది ఆమె. ఆయన ముఖం మీద నవ్వులాంటిది మెదిలి మాయమైంది.

"నిలబెట్టి ఉంచితే ఎంతసేపైనా వేడెక్కదు. సందుల్లో తిప్పినా బాగానే ఉంటుంది. వేగంగా తోలితేనే మరుగుతోంది. ఆగి ఉన్నప్పుడు వేడెక్కితే ఫ్యానుది తప్పనుకోవచ్చు. పరుగులో వేడెక్కిందంటే నీళ్ళు తిరగడం లేదని. ఎందుకు తిరగవు? ఎక్కడ ఆగుతున్నాయి? తోలుతూ బానెట్టు కింద చూడలేను కదా."

"మీరు తొక్కండి. నేను చూస్తాను."

ఆయన ఆమెకేసి అలాగే చూశాడు. ఆ ఆలోచన ఆయనకి రాలేదు. ఇన్నాళ్ళూ ఈ తప్పు తన ఒక్కడిదే అనుకున్నవాడికి ఇంకో మనిషి సాయం ఎలా తోస్తుంది?

ఇంజను వేడెక్కేదాకా ఆగారు. జుట్టు ఫ్యానులో పడకుండా ముడి బిగించుకుని ఆమె వంగి నిలబడింది. ఆయన యాక్సిలరేటరు తొక్కి పట్టాడు. షెడ్డు రేకులు గడగడలాడాయి. నూనె వాసన, వేడి సెగ... ముందు ఏమీ తెలియలేదు. తర్వాత రేడియేటరు కిందనుంచి ఇంజనుకి పోయే లావుపాటి రబ్బరు గొట్టం మెల్లగా లోపలికి పీక్కుపోయింది. ఎవరో గొంతు పిసికినట్టు అట్టలా అతుక్కుపోయింది.

"ఏమండీ, ఆపకండి... కిందిది... కింది గొట్టం మూసుకుపోయింది!"

ఆయన కాలు తీసి పరుగెత్తుకొచ్చేసరికి గొట్టం మళ్ళీ గుండ్రంగా ఉబ్బి ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

చల్లారాక విప్పి, కత్తితో పొడుగునా కోశాడు. లోపల ఖాళీ. "ఇందులో తీగచుట్ట ఉండాలి. పంపు గట్టిగా పీల్చినప్పుడు గొట్టం ముడుచుకుపోకుండా అదే పట్టి ఉంచుతుంది." ఆయన ఆ ముక్కని పిడికిట్లో నొక్కి చూశాడు. "గట్టిగా తొక్కితేనే మూసుకుంటుంది. ఆ రోజు... మెల్లగా పోయి ఉంటే చేరేవాళ్ళం. ఆవిణ్ణి బతికించాలని తొక్కాను చూడు, అందుకే ఆగిపోయింది."

ఆయన నేలమీద కూలబడి, ఆసుపత్రిలో కూడా ఏడవనివాడు, గుండె పగిలేలా ఏడ్చాడు. ఆమె ఆ తలని కడుపుకి హత్తుకుంది. ఏడవనీ... ఇన్నాళ్ళు లోపల మరిగింది బయటికి పోనీ అనుకుంది.

కాసేపటికి ఆయనే కళ్ళు తుడుచుకుని గొట్టం ముక్కని తిప్పి చూశాడు. "ఇది పాతది కాదు. నేనెప్పుడూ మార్చలేదే."

ఆమెకి చప్పున గుర్తొచ్చింది. ఆయన పనిమీద పొరుగూరు వెళ్ళినప్పుడు తమ్ముడు ఈ కారులోనే అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి అమ్మ మురిసిపోతూ చెప్పింది: దారిలో నీళ్ళు కారుతుంటే చిన్నాడే దగ్గరుండి గొట్టం మార్పించాడే, చేతులన్నీ మసి చేసుకున్నాడు పాపం అని. ఆమె నోరు తెరిచేలోపే ఆయనకి అర్థమైంది, తను కాక ఆ బండి తోలింది బావమరిది ఒక్కడే.

"వాడికి చెప్పకు," అన్నాడు.

"వసారాలో అందరి ముందూ మిమ్మల్ని అన్నాడండీ వాడు."

"అన్నాడు, పడ్డాను. నాకు అలవాటైంది. వాడు తట్టుకోలేడు. అమ్మకి మంచి చేద్దామనే చేశాడు కదా. ఈ ఇంట్లో ఒకడు పిచ్చివాడైతే చాలు."

ఆమె తల ఊపింది కానీ లోపల భగ్గుమంటూనే ఉంది. వాడొచ్చి తలవంచుకుంటే చూడాలని ఉంది. అది పాపమని తెలిసినా ఉంది.

సాయంత్రం, ఆమె అమ్మ బట్టలు సంచీలో సర్దేసరికి తమ్ముడు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "సర్దావా?" అన్నాడు. బావ ఎదురొస్తే ముఖం తిప్పుకున్నాడు.

"చిన్నా, తప్పెక్కడో తెలిసింది," అన్నాడు ఆయన. "కింది గొట్టం మార్చినప్పుడు లోపల తీగచుట్ట పెట్టలేదు. నాదే పొరపాటు. నువ్వన్నది నిజమే."

తమ్ముడు చటుక్కున ఇటు తిరిగాడు. "ఏ గొట్టం?"

జవాబు కోసం చూడకుండా వాడు గబగబా షెడ్డులోకి వెళ్ళాడు. బల్లమీద కోసి పెట్టిన ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఇది వేయించింది నేను బావా."

"కాదురా, తర్వాత నేను..."

"అబద్ధం చెప్పకు. షాపువాడు అడిగాడు, పాతదాంట్లో తీగ ఉంది, తీసి ఇందులో పెట్టమంటారా అని. తుప్పు పట్టింది పారెయ్యమన్నాను. నేనే అన్నాను..."

వాడు గోడకి జారబడ్డాడు. ఆమె చూడాలనుకున్నది ఇదే. చూసేసరికి ఆగలేక పరుగెత్తి వాణ్ణి పట్టుకుంది. "అయ్యో నాయనా, ఊరుకోరా... నీకేం తెలుసు..."

"నీకు తెలుసా అక్కా?"

"పొద్దున తెలిసింది. మీ బావే చెప్పొద్దన్నారు."

తమ్ముడు బావ కాళ్ళ దగ్గరికి వంగబోయాడు. ఆయన పైకి లాగాడు. "నన్ను కాదు. లోపలికి పోయి ఆవిడ దగ్గర కూర్చో. నేనూ వస్తాను. నాకూ ఒక్కణ్ణే పోవాలంటే భయంగా ఉంది."

ఇద్దరూ వెళ్ళారు. అమ్మ అన్నీ విన్నది. కొడుకుని చూసి కన్నీళ్ళు కార్చింది, అల్లుణ్ణి చూసి ఎడమచేత్తో ఆయన కాలిన చెయ్యి పట్టుకుంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగే నోరు లేదు, ఉన్నా అడిగేది కాదేమో. సర్దిన సంచీని ఆమె విప్పి, బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టింది.

అమ్మ కుడిచెయ్యి లేవలేదు. లేవదనే అన్నారు డాక్టర్లు. ఆ మాట మింగుడుపడటానికి ఆ ఇంటికి చాలాకాలం పట్టింది. కండరాలు పట్టేయకుండా కసరత్తు చేయించాలంటే మళ్ళీ అదే ఆసుపత్రికి, అదే దారిలో తీసుకెళ్ళాలి. తీగచుట్ట ఉన్న గొట్టాన్ని బావా బావమరిదీ కలిసి వెతికి తెచ్చి బిగించారు. ఇంకో బండి మాట్లాడదామంది ఆమె. అమ్మ ఎడమచెయ్యి షెడ్డువైపు చూపించింది.

ముందు సీట్లలో వాళ్ళిద్దరూ, వెనక ఆమె భుజానికి ఒరిగి అమ్మ. పొడుగాటి రోడ్డు వచ్చింది. ఆ రోజు ఆగిపోయిన చోటు దగ్గరపడేసరికి ఆయన కాలు తెలియకుండానే వెనక్కి తగ్గింది. బండి నెమ్మదించింది. అద్దంలో ఆయన కళ్ళు ఆమెకి కనపడ్డాయి. ఆమె అమ్మని ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది.

తమ్ముడు బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీ బావా," అన్నాడు. "ఏం కాదు. పోనీ."

బండి వేగం అందుకుంది. అమ్మ అప్పటికే నిద్రపోయింది.