పేరు లేని బటన్

కంప్యూటర్లలో నాకు తెలియని జబ్బు ఇంకా పుట్టలేదు. మా ఆసుపత్రిలో పాత సిస్టంలు తీసేసి కొత్తవి పెట్టాలన్నప్పుడు, "అదెంతసేపు, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాను" అన్నాను. అమ్మ వడ్డించి కూర్చుంది కూడా. పై అంతస్తులో ఒకే ఒక్క సీటు దగ్గర నా పరువు కుప్పకూలింది. ఆ భోజనం చల్లారి వారాలయింది.

అది అపాయింట్‌మెంట్లు ఇచ్చే ఫోన్ల గది. అందులో ఇద్దరే ఉంటారు. ఒకరు సీనియర్, ఊరందరికీ పిన్నిగారు. రెండో ఆమె ఆపరేటర్, నా ఈడు అమ్మాయి. ఆమెకు చూపు లేదు. తెర మీద ఏముందో స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం చదివి వినిపిస్తుంది. ఎడమ చెవిలో రోగి తన నొప్పి చెబుతుంటే, కుడి చెవిలో డాక్టరు ఖాళీ వేళలు వింటూ, రెండింటినీ కలిపి తడబడకుండా టైపు చేస్తుంది. నాకైతే రెండు చెవుల్లోనూ ఒకే మాట చెప్పినా ఎక్కదని మా అమ్మ నమ్మకం.

వెళ్లగానే చూస్తే మానిటర్ ఆఫ్ చేసి ఉంది. రోగం దొరికిందనుకుని ఆన్ చేశాను.

"ఏం చేశారు?" అంది ఆమె.

"మానిటర్ ఆన్ చేశానండి. ఇక ప్రాబ్లం ఉండదు."

"థాంక్సండి. ఎవరికి?"

పిన్నిగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

పరువు నిలబెట్టుకోవాలని ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు పాడైందనుకుని వేగం బాగా తగ్గించి, గర్వంగా తిరిగిచ్చాను. ఆమె విని అడిగింది, "ఎవరు పోయారండీ? సంతాప సభలో మాట్లాడినట్టు మాట్లాడుతోంది."

అంతవరకు నవ్వులాటే. అసలు కష్టం కొత్త ప్రోగ్రాం తెరిచాక మొదలైంది. దాని నిండా రంగురంగుల బొమ్మలు. ఏ బొమ్మ దేనికో ప్రోగ్రాం రాసినవాళ్లు లోపల పేరు పెట్టలేదు. స్క్రీన్ రీడర్ పాపం ఏం చెబుతుంది? "బటన్" అంది. తర్వాతిదానికీ "బటన్" అంది. ఆ తర్వాతా అంతే.

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పాతదాంట్లో ఏ గది ఎక్కడుందో నా వేళ్లకి తెలుసు," అంది మెల్లగా. "ఇప్పుడు ఇల్లు మార్చేసి, అన్ని తలుపుల మీదా 'తలుపు' అని రాసిపెట్టారు."

నాకు జోకు తట్టలేదు. అది నా జీవితంలో అరుదైన సంఘటన.

సూపరింటెండెంట్ మేడం వచ్చి తేల్చి చెప్పారు. "నెలాఖరున నేనే వచ్చి చూస్తాను. ఎవరి సాయం లేకుండా చేయగలిగితే సరే. లేకపోతే ఈ సీట్లో ఇంకొకళ్లని పెడదాం. నువ్వు కింద కూర్చుందువుగాని."

"కింద నాకేం పని ఉంటుంది మేడం?"

"ఏదో ఒకటి చూద్దాంలేమ్మా."

ఆ 'ఏదో ఒకటి' ఏమిటో గదిలో అందరికీ తెలుసు. పిన్నిగారి ఫోన్ మోగుతున్నా ఆవిడ ఎత్తలేదు.

మర్నాటి నుంచి తెర ఆర్పేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, విని పనిచేయడం నేనూ నేర్చుకున్నాను. మొదటిరోజే ఒక ముసలాయన మోకాళ్ల నొప్పిని ప్రసూతి వార్డుకి పంపాను. నేను కల్పించిన పేషెంటు కాబట్టి బతికిపోయాడు. తర్వాత ఒక్కో బటన్‌కీ పేరు పెడుతూ వచ్చాను. నేను పెట్టడం, ఆమె విని చెప్పడం. బయట వాన పడుతుంటే కిటికీ మూయడం కూడా మరిచిపోయేవాళ్లం.

"మీరు మాట్లాడకపోయినా ఉన్నట్టు తెలిసిపోతుంది," అందొకసారి.

"ఎలాగండీ?"

"కుర్చీ మొర పెట్టుకుంటూ ఉంటుంది. కుదురు లేదు మీకు."

ఆమె నవ్వింది. నా కుదురు ఆరోజే పూర్తిగా పోయింది.

చివరికి ఒక్క బటన్ మిగిలింది. సాయంత్రం ఆనాటి రిపోర్టు పంపేది. "ఇది మొండి ఘటమండి, పేరు పట్టడం లేదు. నేనే వచ్చి నొక్కిపోతుంటాను," అన్నాను. రోజూ వెళ్లేవాణ్ని. పిన్నిగారు ఇచ్చిన టీ తాగి ఒక క్లిక్కు కొట్టేవాణ్ని. ఆ ఒక్క క్లిక్కుకి నేను తీసుకున్న సమయంలో కింది అంతస్తులో గుండె ఆపరేషన్లు పూర్తయ్యేవి.

నెలాఖరున మేడం వచ్చి పొద్దుట్నుంచీ ఆమె పక్కనే కూర్చున్నారట. ఒక్క తప్పు దొర్లలేదట. పరీక్ష ఆరోజేనన్న సంగతి మరిచి సాయంత్రం నేను ఈల వేసుకుంటూ వెళ్లి క్లిక్కు కొట్టాను.

"ఇదేంటి బాబూ?" అన్నారు మేడం.

"రోజూ నేనే నొక్కుతానండి," అన్నాను, పతకం ఇస్తారేమో అన్నంత ఉత్సాహంగా.

"అంటే రోజూ ఒక మనిషి కావాలన్నమాట." మేడం పెన్ను మూత తీశారు.

"మిగతాదంతా నేనే చేస్తున్నాను మేడం," అంది ఆమె.

"ఎవరి సాయం లేకుండా అనుకున్నాం కదమ్మా."

"మేడం, ఆగండి. దానికి పేరు పెట్టడం నిమిషం పని. నేనే పెట్టలేదు."

"ఎందుకు పెట్టలేదు?"

"పెట్టేస్తే ఈ గదికి రావడానికి నాకింకో కారణం లేదండి."

పిన్నిగారు టీ గ్లాసు కింద పెట్టారు. "నా టీ కోసం వస్తున్నాడనుకున్నాను," అన్నారు.

ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది.

"నా సీటు పోయేది. తెలుసా మీకు?"

"తెలుసు. మీతో కూర్చున్నంతసేపూ గుర్తుండేది కాదు."

"ఎవరో వచ్చి నొక్కితే తప్ప గడవకపోవడం నాకు బొత్తిగా పడదు. నాకు తెలియకుండా అదే చేశారు మీరు."

"తప్పేనండి."

"పేరెలా పెట్టాలో చెప్పండి. మీరు ముట్టుకోకండి. నోటితో చెప్పండి."

చెప్పాను. ఆమె వేళ్లు కదిలాయి. పేరు తనే పెట్టింది, రిపోర్టు మళ్లీ తనే పంపింది. మేడం పెన్ను మూత పెట్టి లేచారు. "సీటు ఈ అమ్మాయిదే. నువ్వు రేపు నా గదికి రా," అని నాకేసి చూసి వెళ్లిపోయారు. పిన్నిగారికి ఉన్నట్టుండి గ్లాసులు కడగాలనిపించింది.

వాన మొదలైంది. నేను తలొంచుకుని నిలబడ్డాను.

"నాకింకా కోపంగానే ఉంది," అంది ఆమె.

"ఉండాలండి."

"రేపట్నుంచి మీకిక్కడ పనేం లేదు."

"లేదండి."

"మరి ఏం అబద్ధం చెప్పి వస్తారు?"

నిజంగానే వెతికాను. నా బుర్రలో ఎప్పుడూ డజన్ల కొద్దీ తయారుగా ఉండే సరుకు అది. ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు.

"మీరంటే ఇష్టమండి," అన్నాను.