ఎడమ పక్క పైపు

రంగు గీకుతున్న దస్తగిరి చెయ్యి ఆగిపోయింది.

పైపు విరిగిన చోట సగం ఇనుము చిరిగినట్టు మొరటుగా ఉంది. మిగతా సగం నున్నగా ఉంది. నున్నటి సగంలో లప్పం పట్టుకొని ఉంది. బండి బోల్తా పడితే ఇనుము ఇలా విరగదు. అంతకుముందే ఎవరో రంపంతో సగానికి కోసి, లప్పం పూసి, పైన రంగు వేశారు.

దస్తగిరిది ఆత్మకూరు రోడ్డులో వెల్డింగు షెడ్డు. అడవి దారుల్లో తిరిగే జీపులకు ఇనుప పంజరాలు కడతాడు. జీపు పల్టీ కొడితే లోపలి తలల్ని కాపాడేది ఆ పంజరమే. ఈ జీపు ఓబుల్‌రెడ్డిది. దాని మరమ్మతులు చూసుకున్నదీ, తన ఇంటిముందు పెట్టుకున్నదీ అతని జతగాడు మద్దిలేటి. ఏడాది కిందట ఇద్దరూ నల్లమలలోని తేనెగవి అనే గుహకు పాత దొరల సొమ్ము కోసం పోయారు. వట్టి చేతులతో తిరిగి వస్తూంటే జీపు పల్టీ కొట్టింది. ఎడమ సీట్లో ఉన్న మద్దిలేటి చనిపోయాడు. గవిలో దారి చూపే కాగితం అతని దగ్గర ఉండేది. అదీ కనబడలేదు.

"కుడి పక్క గట్టిగా చెయ్. నేను కూచునేది ఆడే. ఎడమ పక్క అతుకేస్తే చాల్లే," అని చెప్పి పోయాడు రెడ్డి.

దస్తగిరి ఎడమ సీటు తిప్పి చూశాడు. కత్తితో చీల్చి, మళ్ళీ కుట్టి ఉంది.

ఆ మధ్యాహ్నం మద్దిలేటి భార్య సుంకులమ్మ షెడ్డుకు వచ్చింది. దస్తగిరి కోత చూపించాడు. ఆమె వేలితో తడిమింది.

"కోసింది రెడ్డేనా మామా?"

"కోత తెలుస్తాది పాపా. చెయ్యి తెలీదు."

"నేను తేల్చుకుంటా. కాగితం నా కాడ ఉందని చెప్పినా. ఎల్లుండి గవికి పోదామన్నాడు."

"లేని కాగితం ఉందంటివా?"

"లేదంటే కదుల్తాడా ఆయప్ప?"

దస్తగిరి పనిలో పడ్డాడు. పాత పైపు లోపల ఇంకో పైపు దూర్చి విరిగిన చోటు కలపాలనుకున్నాడు. వెనక ముక్కలోకి అది జానెడే పోయింది. ఏదో అడ్డం. సుత్తితో కొట్టినా కదల్లేదు. తుప్పు అనుకొని అంతటితో కోసి అతికాడు. మూలలకు మందపాటి రేకులు వేశాడు.

మరునాడు సాయంత్రం రెడ్డి వచ్చి చూశాడు. మొహం ముడుచుకున్నాడు. "ఎడమ పక్కకు ఇంత ఇనుమెందుకు?"

"మిగిలింది, వేసినా. ఇంకోటి. నా పంజరంలో మొదటి సవారీకి నేను కూచోవాల. నా పద్ధతి."

"అడవికా? ఈ ఎముకలేసుకొనా?"

"నా పద్ధతి."

తెల్లవారి బయలుదేరారు. స్టీరింగు రెడ్డిది. ఎడమ సీట్లో సుంకులమ్మ. వెనక దస్తగిరి. వెదురు పొదలు జీపును రెండు పక్కలా గీకుతున్నాయి. లోయ అంచున దారి బండి వెడల్పే ఉంది. ఒక మలుపు దగ్గర రెడ్డి తల తిప్పకుండా పోయాడు. సుంకులమ్మ మాత్రం వెనక్కి తిరిగి చూసింది. మద్దిలేటి పోయిన చోటు అదే.

గవి నోటి పైన చాటల్లాంటి తేనెపట్లు వేలాడుతున్నాయి. ముగ్గురూ వంగి లోపలికి పోయారు. గబ్బిలాల కంపు. ఇరవై బారలు పోయాక దారి మూడుగా చీలింది.

"ఇంక తియ్ కాగితం," అన్నాడు రెడ్డి.

సుంకులమ్మ బ్యాటరీ లైటు అతని మొహం మీద వేసింది. "ముందు పైపు ఎవురు కోసినారో చెప్పు."

"ఏం పైపు?"

"సీటెందుకు చీల్చినావు?"

"కాగితం కోసం! గవిలోకి వచ్చినాక దారి మరిచిపోయినా అన్నాడు నీ మొగుడు. అబద్ధమని నాకు తెలుసు. యాడో దాచినాడని ఎతికినా."

"చంపి ఎతికినావా?"

"సుంకులా! నోరు జాగ్రత్త!"

ఆ కేక గవి అంతా మోగింది. బయట ఝుమ్మని లేచాయి తేనెటీగలు.

"ఉరకండి!" దస్తగిరి కండువా సుంకులమ్మ తలమీద కప్పి తోశాడు. నల్లటి మేఘం గవి నోరు మూసింది. మొహాలు దాచుకొని పరిగెత్తి జీపులో పడ్డారు. రెడ్డి మెడ మీద నాలుగైదు కుట్టాయి. బూతులు తిడుతూనే బండి దూకించాడు.

వాగు దాటాక ఈగలు వెనకబడ్డాయి. రెడ్డి వేగం తగ్గించే లోపలే ఆ మలుపు వచ్చేసింది.

"బ్రేకు! బ్రేకు!" వెనక నుంచి దస్తగిరి అరిచాడు.

ఎడమ చక్రం కింద మట్టి జారింది. రెడ్డి చెయ్యి సుంకులమ్మ భుజం మీద పడింది. తోస్తున్నాడా, పట్టుకుంటున్నాడా ఆమెకు తెలియలేదు. ఆకాశం కిందికి వచ్చింది. ఇనుము అరిచింది. జీపు ఒక పల్టీ పూర్తిగా కొట్టి, మద్దిచెట్టుకు ఆనుకొని, చక్రాల మీదే నిలబడింది.

ముగ్గురూ బతికే ఉన్నారు. రెడ్డి చెయ్యి ఆమె భుజాన్ని ఇంకా సీటుకు అదిమే ఉంది.

ఎడమ పైపు వంగింది, విరగలేదు. దస్తగిరి లోపల దూర్చిన పైపు అయిపోయిన చోట మాత్రం పాత ఇనుము పగిలి నోరు తెరిచింది. అందులోంచి మైనగుడ్డ చుట్ట కొస బయటికి వచ్చి ఉంది. అంచు వెల్డింగు వేడికి నల్లబడింది. దస్తగిరి పటకారుతో లాగాడు.

లోపల కాగితం. మూడు దారుల బొమ్మ, ఒకదాని మీద గుర్తు. కింద మద్దిలేటి రాత. సుంకులమ్మ గట్టిగా చదివింది.

"సుంకులా, రెడ్డిని నమ్మొద్దు. నాకేమన్నా అయితే ఇది నువ్వే తీసుకో."

దస్తగిరి పైపు వైపు చూశాడు. దాచడానికి చోటు కావాలని మద్దిలేటి తన తలమీది పైపే కోసుకున్నాడు.

రెడ్డి బండి దిగి చెట్టుకింద కూర్చున్నాడు.

వాలు మీదుగా జీపును మెల్లగా దారికి ఎక్కించారు. సాయంత్రానికి అది కుంటుతూ షెడ్డు చేరింది. రెడ్డి చూపు కాగితం మీదే ఉంది. "మల్లా పోదాం. చెరి సగం," అన్నాడు.

"అంతవరకు ఇది ఎవురి కాడ పెడదాం రెడ్డన్నా?"

రెడ్డి చెయ్యి చాచాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

ఆమె కాగితం చుట్టి, పగిలిన పైపులోకి తోసింది. "అతుకు మామా."

"వేడి తగిలేది దానికే పాపా. బూడిదైతాది."

"తెలుసు."

దస్తగిరి రెడ్డి వైపు చూశాడు. రెడ్డి మెడ మీది వాపు రుద్దుకున్నాడు. "అతుకు," అన్నాడు చివరికి.

పైపు సందులోంచి సన్నగా పొగ వచ్చి ఆగింది. మూత పడింది.

"ఎక్కు, ఇంటికాడ దింపుతా," అన్నాడు రెడ్డి. సుంకులమ్మ ఎడమ సీట్లో కూర్చుంది.

దస్తగిరి పద్ధతి ప్రకారం వెనక కాలు పెట్టబోయాడు. వాళ్ళిద్దరినీ ఒకసారి చూసి, కాలు దింపుకున్నాడు.