పంప్‌హౌస్‌లో ఆరని చొక్కాలు

పంప్‌హౌస్ కంట్రోల్ రూమ్ ఇంజనీరు ఉదయం పదకొండుకు కాఫీ తాగాడు. పదకొండూ ఐదుకు కీబోర్డు మీద వాలిపోయాడు.

మూడు గంటలకు చీఫ్ ఆ కప్పును ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఏజెంట్ ట్వంటీటూ ముందుకు తోశాడు. చనిపోయింది ఆమె సొంత అన్న.

“ఇంకెవరినైనా పంపనా?”

“వద్దు సార్.”

ఆమె కప్పు అంచున ఎండిన మరకను చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు. ఇంకెవరి ఇంట్లోనో జరిగినట్టుంది.

“మనకిప్పుడు బొగ్గు లేదు, గ్యాస్ లేదు,” చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. “పగలంతా సోలారే మోస్తుంది. మిగులు కరెంటుతో నీళ్లను కొండమీది రిజర్వాయర్‌కి ఎక్కిస్తాం. పొద్దుగూకాక ఆ నీళ్లే కిందికి దూకి టర్బైన్లు తిప్పాలి. ఈ వారం గాలి కూడా లేదు, గాలిమరలు దండగ. ఆ రిజర్వాయర్ మీద విదేశీ ముఠా కన్నుపడింది. ముహూర్తం ఇవాళే. సూర్యాస్తమయం ఆరూ పదికి. మీ అన్న ఏదో కనిపెట్టాడు, చెప్పేలోపే...”

“అక్కడ మనవాళ్లు?”

“నెమలి. ముఠాలో చేరి మనకు కబుర్లు మోస్తోంది. కన్సల్టెంట్ వేషం.”

ఆమెకు వదిన గుర్తొచ్చింది. మొన్ననే ఆపరేషన్, ఆక్సిజన్ మిషన్ మీద ఉంది. ఆస్పత్రి బ్యాటరీ గంటకు మించి ఆగదు. అన్న కబురు వదినకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

నాలుగింటికి ట్వంటీటూ బకెట్టూ చీపురుకర్రా పట్టుకుని పంప్‌హౌస్‌లో దిగింది. కర్ర పిడిలో ట్రాన్స్‌మిటర్.

నెమలి సిల్కు స్కార్ఫు సర్దుకుంది. “మబ్బు పట్టేలా ఉంది.”

“గొడుగు ఇంట్లో మర్చిపోయాను,” ఆమె కోడ్ పూర్తిచేసింది.

స్క్రీన్ మీద నాలుగు పంపులూ తిరుగుతున్నాయి. నీటిమట్టం తొంభై రెండు శాతం.

“చూశావుగా, అంతా భేషుగ్గా ఉంది. వెళ్లి పడుకో.”

గ్యాలరీలో ముసలి ఫిట్టర్ తడిచొక్కాలు తిరగేస్తూ సణుగుతున్నాడు.

“ఏంటి బాబాయ్, ఇక్కడ ఆరేశావు?”

“ఎవరితో అనకు తల్లీ, రూల్స్ ఒప్పుకోవు. కింద మోటార్ల వేడిగాలి ఈ జాలీలోంచే వస్తుంది. అరగంటలో కాగితంలా ఆరేవి. ఇవాళేమో పొద్దున్నుంచీ వేలాడుతున్నా పిండితే చెంబెడు నీళ్లు! ఎవరి దిష్టి తగిలిందో.”

ఆమె జాలీ మీద అరచెయ్యి పెట్టింది. గోరువెచ్చన. కింద ఒక్క మోటారే తిరుగుతోంది, చప్పుడు కోసం.

“చెయ్యి తియ్యి.” వెనక నెమలి. చేతిలో చిన్న పిస్టల్.

“అన్నయ్యకు కాఫీ నువ్వే ఇచ్చావా?”

“చక్కెర రెండు చెంచాలు వేసుకున్నాడు. చేదు తెలియలేదు.”

నిజమే, రెండు చెంచాలే వేసుకునేవాడు. అంతకుమించి ఆమెకేమీ అనిపించలేదు.

ఫిట్టర్‌కు సంగతి అర్థం కాలేదుగానీ పిస్టల్ అర్థమైంది. తడిచొక్కా తీసి నెమలి ముఖాన కొట్టాడు. గుండు పైకప్పులోకి పోయింది. చీపురుకర్ర నెమలి మణికట్టు మీద పడింది, పిస్టల్ జారిపోయింది. ఆమె చేతుల్ని ఆ తడిచొక్కాతోనే కట్టేశారు.

ట్వంటీటూ కర్ర పిడిని నోటి దగ్గర పెట్టుకుంది. “చీఫ్, నెమలి వాళ్ల మనిషి. స్క్రీన్ అబద్ధం. పైన నీళ్లు పావువంతు కూడా లేవు. ఫ్యాక్టరీలన్నీ ఆపించండి. ఉన్న ఎండనంతా పంపులకే ఇవ్వండి.”

“ఫ్యాక్టరీలవాళ్లు నన్ను నిలువునా చీరేస్తారు!”

“చీరనివ్వండి సార్.”

ఫిట్టర్ మిగిలిన మూడు మోటార్లూ ఆన్ చేశాడు. నేల అదిరింది. గంటన్నరపాటు నీళ్లు కొండెక్కాయి. ఫ్యాక్టరీలు లేకపోతే తెల్లారేదాకా సరిపోతాయన్నాడు.

ఆరూ పదికి ఎండ పోయింది. టర్బైన్ గేటు తెరుచుకోలేదు. నెమలి ముందే పాస్‌వర్డ్ మార్చేసింది. గదిలో దీపాలు ఎర్రబడ్డాయి.

“చక్రం ఉంది తల్లీ, చేత్తో తిప్పేది! పట్టు!”

ఇద్దరూ దానిమీద పడ్డారు. పావు చుట్టు. అర చుట్టు. దీపాలు ఆరబోతుండగా అడుగున నీళ్లు ఒక్కసారిగా గర్జించాయి. వెలుగు నిలబడింది.

ఏడింటికి ఆమె ఆస్పత్రికి ఫోన్ చేసింది.

“ఇందాక ఇక్కడ లైట్లు ఒకటే మినుకుమినుకు,” వదిన గొంతు నీరసంగా ఉంది. “మీ అన్నయ్య డ్యూటీలో నిద్రపోతున్నాడేమో, కాస్త లేపవే.”