తెలుగులో సరే, అరబిక్‌లో ఉరి

గవర్నర్‌పేటలో పట్టపగలు, ఒక లాడ్జి ఎదురుగా ఉన్న టీ స్టాల్ దగ్గర మొహినుద్దీన్ మాస్టారు రెండో గుక్క తాగి గ్లాసు వదిలేశారు. అది పగిలిన చప్పుడు సిటీ బస్సు హారన్‌లో కలిసిపోయింది. రోడ్డు అవతల నుంచి ఆటోల మధ్య దూసుకొచ్చిన ఏజెంట్ బాలశౌరికి అప్పటికే నీలం తిరిగిన పెదాలు కనిపించాయి.

"హార్ట్ ఎటాక్! జరగండి, గాలాడనివ్వండి!" అంటూ నల్ల టీషర్టు వాడొకడు మాస్టారి ఛాతీ నొక్కుతున్నట్టు నటించి, జేబులోంచి ఫోన్ లాగేసి జనంలో మాయమయ్యాడు.

ప్రాణం పోతున్నవాడి జేబు కొట్టడం!

ఆ ఉదయమే మాస్టారు, బాలశౌరి పనిచేసే నిఘా ఏజెన్సీకి రహస్యంగా కబురందించే నంబరుకి ఫోన్ చేశారు. "నేను అరబిక్ అనువాదకుణ్ణండీ. నేను రాసిన మాటలు తీసేసి వేరేవి పెట్టారు. మిగతాది ఫోన్లో కాదు, మీరు పంపే మనిషికే చెబుతాను" అన్నారు. ఆ మనిషి రోడ్డు దాటేలోపే ఆయన్ని చంపేశారు.

* * *

ఆటోనగర్‌లో రేడియేటర్లు బాగుచేసే షాపు.

"లేలాండ్ రేడియేటర్ ఉందా?" అడిగాడు బాలశౌరి.

"ఉంది కానీ కారుతుంది."

"కారేదే కావాలి."

కోడ్ సరిపోయింది. మెకానిక్ పక్కకి జరిగాడు. వెనక గదిలో చీఫ్ తిరుపతిరావు ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టారు.

"వారధి. కొత్త బ్యాంకింగ్ యాప్. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు అక్కడి బ్యాంకు నుంచి ఇంటికి డబ్బు పంపుకోడానికి. తెలుగు, అరబిక్, ఇంకా చాలా భాషలు. తయారుచేసింది ఇక్కడి కంపెనీ. దానికి కన్సల్టెంట్ లూకాస్. వాడిది ఏ దేశమో వాడి మూడు పాస్‌పోర్టులకీ తెలీదు. వెనకాల ఆయుధాల ముఠా ఉందని అనుమానం. రేపే లాంచ్. గల్ఫ్ బ్యాంకు పెద్దాయన స్వయంగా వచ్చి బటన్ నొక్కుతాడు."

"లోపల మనవాళ్లున్నారా సార్?"

"డయానా. ప్రోడక్ట్ హెడ్. మన మనిషే. లూకాస్ తన మనిషి అనుకుంటున్నాడు." తిరుపతిరావు ఒక ఇన్‌హేలర్ అందించారు. "ఇందులో మందుండదు. పైన నొక్కితే నీ ఫోన్లో ఉన్నది దగ్గర్లోని పెద్ద స్క్రీన్ మీదికి ఎక్కుతుంది. గల్ఫ్‌లో డ్రైవర్ వేషంలో ఎనిమిదేళ్లున్నావు, అరబిక్ నీకు కొట్టిన పిండి. ఆ యాప్ పేజీల్లో ఏముందో చూసి చెప్పు. ఏం చెయ్యాలో నేను చెప్తాను."

* * *

యాప్‌ని ముందుగా వాడి చూసిన కొద్దిమందిలో హెప్సిబా ఒకతె. గల్ఫ్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. ఇప్పుడు అక్కడి జైల్లో ఉంది. ఆమె అక్క మణెమ్మ ఉండేది ఇబ్రహీంపట్నంలో. చర్చి తరఫున వచ్చానని చెప్పి బాలశౌరి ఆమె అరుగు మీద కూర్చున్నాడు. థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు ఇంటి కప్పు మీదే నిలబడ్డట్టున్నాయి.

"తుపాకులోళ్లకి డబ్బులు పంపిందంటండీ మా చెల్లి!" మణెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దానికి తుపాకీ అంటే తిరనాళ్లలో బుడగలు పేల్చేదే తెలుసండీ. అక్కడ ఈ నేరానికి ఉరే అంటన్నారు. నిజమేనాండీ?"

బాలశౌరి మాట మార్చాడు. "ఆ యాప్ గురించి ఏమన్నా చెప్పిందామ్మా?"

"తెలుగులో వస్తందని ఎంత మురిసిపోయిందో! ఇదుగో, ఫొటో కూడా పంపింది."

ఫోన్ తెరని ఫొటో తీసి పంపింది హెప్సిబా. పైన పెద్ద అక్షరాల్లో, ‘ఇకపై అన్నీ మీ తెలుగులోనే చూపించాలా?’ కింద ఆకుపచ్చ బటన్: ‘సరే’. ఇంకా కింద, బూడిద రంగులో, సన్నగా ఒక వరుస.

"అది బ్యాంకోళ్ల ముగ్గేమో అనుకున్నామండీ" అంది మణెమ్మ.

బాలశౌరి ఫొటోని తన ఫోన్లోకి పంపించుకున్నాడు. ఆ వరుసని పెద్దది చేసి కుడి నుంచి ఎడమకి చదివాడు. ‘నా ఖాతా నుంచి వెళ్లే సొమ్మంతా నేనే కోరి పంపుతున్నాను. అది ఎవరికి, ఏ ఆయుధాల కోసం చేరుతుందో నాకు తెలుసు.’

ఆ దేశపు కోర్టులో చెల్లేది అరబిక్ మాటే. పైనున్న తెలుగు ఉత్త అలంకారం.

ఎత్తు అర్థమైంది. ముఠా తన సొమ్ముని వీళ్ల ఖాతాల మీదుగా ఆయుధాలకి పంపుతుంది, పట్టుబడితే ఒప్పుకోలు మాత్రం వీళ్లది. అరబిక్‌లో తెరిచినవాళ్లకి ఈ వరుస కనిపించదు. తెలుగులో తెరిచినవాళ్లకి కనిపిస్తుంది, చదవడం రాదు. రెండూ వచ్చి, రెండూ ఒకే తెర మీద చూసిన మనిషి మొహినుద్దీన్ మాస్టారు ఒక్కరే.

బాలశౌరి తన ఉద్యోగంలో బాంబులు పెట్టినవాళ్లతో కలిసి అన్నం తిన్నాడు. వాళ్ల దగ్గర కూడా ఇంత రోత పుట్టలేదు. పరాయి దేశంలో, పరాయి వంటింట్లో, సొంత భాష కనపడగానే ఒక మనిషి ముఖం విప్పారుతుంది. ఆ ముఖాన్ని చూసే గాలం వేశారు. కుళ్లిన పండు కొరికినట్టు నోరంతా చేదయింది. మణెమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగినా పోలేదు.

* * *

మర్నాడు, బందరు రోడ్డులో ఒక హోటల్ హాలు. బాలశౌరి ఖాకీ చొక్కా వేసుకుని, భుజాన కేబుల్ చుట్టతో, ఎల్‌ఈడీ స్క్రీన్ ఆపరేటర్‌గా లోపలికి వెళ్లాడు. పిస్తా రంగు పట్టుచీరలో డయానా నడిచొస్తుంటే ఫొటోగ్రాఫర్లు స్టేజిని వదిలేసి ఆమెవైపు తిరిగారు.

"ఏసీలో కూడా ఉక్కగా ఉందేంటండీ?" అందామె.

"బ్యారేజీలో నీళ్లు తగ్గాయిగా." కోడ్ పూర్తిచేసి గొంతు తగ్గించాడు. "తెలుగు పేజీ కింద..."

"తెలుసు. అది నా డిజైనే." డయానా నవ్వింది. "ఎవరూ చదవరు బాలశౌరి గారూ. సొంత భాషలో సరే అని కనిపిస్తే వేలు దానంతటదే వెళ్తుంది. యూజర్ రీసెర్చ్ చేయించాం. ఆకుపచ్చ పెట్టాక ఒక్కళ్లంటే ఒక్కళ్లు ఆగలేదు."

పిల్లాడికి ఫస్ట్ ర్యాంకు వచ్చిందని చెప్పే తల్లిలా ఉంది ఆ గొంతు.

"మాస్టారు ఫోన్ చేశారని లూకాస్‌కి చెప్పిందెవరు?"

"నేనే. వాడికి నా మీద నమ్మకం ఉండాలి కదా? నాకు చెప్పింది మీ సార్. ఆయనకి అరబిక్ రాదు, నా రిపోర్టు నిజమో కాదో చూసుకోడానికి మిమ్మల్ని పంపారు. అంతే."

చెవిలోని ఇయర్‌పీస్‌లో తిరుపతిరావు గొంతు పలికింది. "ఆ అమ్మాయి చెప్పింది నిజమే బాలశౌరీ. రిలీజ్ కానివ్వు. సొమ్ము ఎటు పోతుందో చూస్తే ముఠా మొత్తం దొరుకుతుంది."

"హెప్సిబా లాంటివాళ్ల సంగతేంటి సార్?"

"కొందరు ఇబ్బంది పడతారు. ఎంబసీ చూసుకుంటుంది. ఇది ఆర్డర్."

డయానా పూసుకున్న సెంటు, చీఫ్ గొంతు కలిసి బాలశౌరికి ఒకే కంపులా తోచాయి. ఇయర్‌పీస్ తీసి పక్కనున్న ఫ్లవర్‌వాజ్ నీళ్లలో పడేశాడు.

స్టేజి మీద యాంకర్ కౌంట్‌డౌన్ మొదలుపెట్టింది. తెల్లటి పొడుగు అంగీలో గల్ఫ్ బ్యాంకు పెద్దాయన ట్యాబ్ మీదికి వంగాడు. పక్కన లూకాస్ చప్పట్లకి సిద్ధంగా ఉన్నాడు. బాలశౌరి ఇన్‌హేలర్ నొక్కాడు. స్క్రీన్ మారలేదు. మళ్లీ నొక్కాడు. లాభం లేదు.

సిగ్నల్ అందకుండా చేసే జామర్! లూకాస్ కుర్చీ కింద నల్ల పెట్టె మిణుకుమంటోంది. దాని వైరు స్టేజి వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి పోతోంది.

"త్రీ... టూ..."

బాలశౌరి ఆ బాక్సుని ఒక్క తన్ను తన్నాడు. మైకు మూగబోయింది. పెట్టె ఆరిపోయింది. వేరే లైను మీదున్న ఎల్‌ఈడీ స్క్రీన్ మాత్రం వెలుగుతూనే ఉంది. ఇన్‌హేలర్ నొక్కాడు.

హెప్సిబా ఫొటో గోడంత అయ్యి నిలబడింది. బూడిద రంగు వరుసలో ఒక్కో అక్షరం మనిషెత్తు.

పైనున్న తెలుగు చూసి హాలంతా చప్పట్లు కొట్టింది. "భలే పెట్టార్రా మన భాషని!" అన్నాడెవరో.

పెద్దాయన చూపు మాత్రం కింది వరుస మీద కుడి నుంచి ఎడమకి కదిలింది. ట్యాబ్‌కి వెంట్రుకవాసి దూరంలో ఆయన వేలు ఆగిపోయింది. మెల్లగా లూకాస్ వైపు తిరిగి అరబిక్‌లో అడిగాడు. "ఇది రాసిందెవరు?"

లూకాస్ స్టేజి దూకాడు. బాలశౌరి విసిరిన కేబుల్ చుట్ట కాళ్లకి చుట్టుకుని బోర్లా పడ్డాడు. పక్క తలుపు దాకా వెళ్లిన డయానాని, పెద్దాయన బందోబస్తుకొచ్చిన మహిళా కానిస్టేబుల్ రెక్క పట్టుకుని ఆపింది.

ఆ సాయంత్రం పెద్దాయన తమ దేశానికి ఫోన్ చేసి స్వయంగా సాక్ష్యం చెప్పాడు. వారం తిరక్కుండా హెప్సిబా బయటికొచ్చింది. ఆ కబురు చెబుతూ మణెమ్మ ఫోన్లో ఏడ్చింది. మాస్టారి విషయంలో మాత్రం సంతోషంగా చెప్పుకోడానికి ఎవరికీ ఏమీ లేదు. బాలశౌరి చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ సెంటు వాసన వదల్లేదు.

తర్వాత తిరుపతిరావు లైన్లోకి వచ్చారు. "ఆర్డర్ ఎందుకు మీరావు? ఎక్స్‌ప్లనేషన్ రాసి పంపు."

బాలశౌరి ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఏ భాషలో రాయమంటారు సార్?"