తీజ్ విందులో చెప్పిన మాట

పొద్దున్నే బర్రె పాలు పితికి, చేతులైనా కడుక్కోకుండా మాన్‌సింగ్ కూతురి ఎదుట పీట వేసుకున్నాడు. శిరీష వరంగల్‌లో ఎకనామిక్స్ పరిశోధన చేస్తోంది. దంతాలపల్లి చుట్టుపక్కల తండాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఏజెంట్ల పోస్టర్లు చూసి పోయారా, తెలిసినవాళ్ల మాట విని పోయారా అన్నది లెక్కగట్టి తేల్చాలి. తమ తండాలో నలభై ఇళ్ల ఫారాలు మాన్‌సింగే నింపి తెచ్చాడు.

"తేలిందా బిడ్డా? ఆ దేవ్యాగాని పేరు రిపోర్టుల ఎక్కిందా?"

దేవ్యా అతని బామ్మర్ది. పోస్టర్లు అంటించి జనాన్ని విమానమెక్కించిన ఏజెంటు. తమ్ముడు లింగ్యా షార్జాలో కట్టడం మీది నుంచి పడి చనిపోయాక, ఆరేళ్లుగా మాన్‌సింగ్ బామ్మర్దిని గుమ్మం తొక్కనివ్వలేదు. భార్య గోరీని పుట్టింటికి పంపలేదు.

"వాడు జైల్ల కూసున్ననాడే నా కడుపు సల్లబడ్తది."

"బాపు, మిగిలిన తండాల్ల పోస్టర్ చూసి పోయినోళ్లు పదిమందిల ఇద్దరే. మన తండల నలభైకి నలభై. టిక్కులన్నీ నువ్వే కొట్టినవ్ గదా?"

"కొట్టిన. అయితే ఏంది? గది అబద్ధమా?"

"నిన్న నేను మల్ల ఇల్లిల్లు తిరిగిన. పాస్‌పోర్టుకు ఎవరు ఏ నెలల దరఖాస్తు పెట్టుకున్నరో రాసుకొచ్చిన." శిరీష ల్యాప్‌టాప్ తిప్పింది. తెర మీద గీత ఒకచోట నిట్టనిలువుగా లేచింది. "చిన్నాయిన పోయిన యేడు మామ పోస్టర్లు అంటిచ్చింది దసరాకు. మనోళ్లు పాస్‌పోర్టులకు ఎగబడ్డది అంతకు రెండు నెలల ముందు, మన తీజ్ పండుగ అయినంక. చిన్నాయిన సుత అప్పుడే. అంటియ్యని పోస్టర్ చూసి ఎట్ల పోతరు బాపు?"

"తీజ్‌కు ఏమైందట?"

పొయ్యి దగ్గర నుంచి గోరీ లేచింది. "ఏమైందా? దుబాయి నుంచి వచ్చి రెండు మేకలు కోసి తండకంతా దావత్ ఇచ్చినవ్. ఏసీ గది, కూసుండి చేసే పని అని నువ్వు చెప్తుంటే మీ తమ్ముడు తినుడు మరిచి విన్నడు. గిన్నేండ్లు మా తమ్మున్ని తిట్టి తిట్టి సంపినవ్!"

ల్యాప్‌టాప్ పగలగొట్టడానికి లేచిన మాన్‌సింగ్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. దుబాయిలో ఏసీ గది లేదు. రేకుల షెడ్డులో పద్దెనిమిది మంది. చేసింది కక్కసులు కడిగే పని. ఆ సంగతి గోరీకీ చెప్పలేదు.

తమ్ముడి ఇంటికి నడిచాడు. లింగ్యా భార్య సోని వాకిట్లో మిర్చి ఆరబోస్తోంది.

"సోనీ, ఆ తీజ్‌నాడు నేను చెప్పింది..."

సోని తల ఎత్తలేదు. "అబద్ధమని నాకెరుకే బావా. షార్జాకు పోయిన వారం రోజులకే ఆయన అంతా సూసి ఫోన్ల చెప్పిండు. తండల ఎవ్వరికీ చెప్పకే, అన్న పరువు పోతదన్నడు."

మాన్‌సింగ్ ఆ మిర్చి పక్కనే కూలబడ్డాడు.

తన వెనకాలే వచ్చి నిలబడ్డ గోరీని చూశాడు.

"మీ తమ్మునికి ఫోన్ కలుపు," అన్నాడు. "నాకియ్యి. నేనే మాట్లాడ్త."