ఏడుపు మానిన రాకుమారుడు

పిల్లలూ, రాగిగవిని అనే రాజ్యంలో ఒక ఏడాది వానలు మితిమీరి కురిశాయి. ఏరు గట్టు తెంచుకొని ఊళ్ళోకి వచ్చి, బావులన్నిటినీ పలకరించి మరీ వెళ్ళింది. వరద తీసింది గానీ దాని వెనకే జబ్బు వచ్చింది. పెద్దవాళ్ళకు కాస్త కడుపునొప్పితో పోయేది. చంటిపిల్లలకు మాత్రం వాంతులూ విరేచనాలూ పట్టుకునేవి. నిన్నటిదాకా బొద్దుగా ఆడుకున్న బిడ్డ ఇవాళ్టికి ఎండలో పడేసిన తోటకూర కాడలా అయిపోయేవాడు. ఎన్నో ఇళ్ళలో ఉయ్యాలలు ఖాళీ అయ్యాయి.

ఇదంతా నల్లకొండ మీద ఉండే శోషిణి అనే రాక్షసి పని అన్నారు జనం. అది కంటికి కనబడకుండా ఇళ్ళలో దూరి, పసివాళ్ళ ఒంట్లో తడినంతా జుర్రుకుపోతుందట. ఆస్థాన వైద్యుడు సోమిదేవుడు మంచివాడు, చదువుకున్నవాడు. ఏ ఇంటికి పిలిచినా చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాడు. అయితే ఆయన చెప్పే వైద్యం ఒక్కటే. "లంఖణం పరమౌషధం! పోసినకొద్దీ పోతాయి. నీళ్ళూ పాలూ ఆపండి," అనేవాడు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూశారా? అందుకే ఎవరూ ఎదురు చెప్పలేదు.

చివరికి జబ్బు కోటలోకీ వచ్చింది. వీరకేతు మహారాజుకు కూతురు కువలయ పుట్టిన చాలా ఏళ్ళకు ఒక కొడుకు కలిగాడు. వాడికి ఇంకా పళ్ళయినా రాలేదు. ఇప్పుడిప్పుడే బోర్లా పడి, అక్క గాజుల చప్పుడు వింటే చాలు, ఈత కొట్టినట్టు కాళ్ళూ చేతులూ ఆడించేవాడు. అటువంటివాడు రాత్రంతా గుక్కపట్టి ఏడ్చాడు. "కడుపులో నొప్పా, నాన్నా? ఆకలా? దాహమా?" అని కువలయ అడిగింది. దేనికైనా ఏడుపే జవాబు. మాటలు రాని బిడ్డ ఏం చెప్పగలడు, పాపం!

పాలు పొంగి రవిక తడిసిపోతున్నా బిడ్డను రొమ్ముకు అందనివ్వకపోతే రాణి గోడకు తల కొట్టుకుంది. ఎంతటి శత్రువునైనా ఎదిరించిన మహారాజుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కత్తి దూయాలంటే ఎదుట ఎవరో ఒకరు ఉండాలి కదా!

తెల్లవారేసరికి పిల్లవాడు ఏడుపు మానేశాడు. సోమిదేవుడు నాడి చూసి, "నిమ్మళించాడు మహారాజా! లంఖణం పనిచేస్తోంది," అన్నాడు. అంతఃపురం ఊపిరి పీల్చుకుంది. కువలయ తమ్ముడి నుదురు ముద్దు పెట్టుకొని, గోడకున్న కత్తి అందుకుంది.

"నాన్నగారూ, ఆ శోషిణి మళ్ళీ వచ్చేలోగా దాని తల తెస్తాను," అంది.

రాజు వెళ్ళమనీ అనలేకపోయాడు, వద్దనీ అనలేకపోయాడు. కూతురి తల మీద చెయ్యి వేశాడు.

కువలయ గుర్రమెక్కి నల్లకొండ దారి పట్టింది. కొండ మొదట్లో ఒక తేటనీటి వాగు అడ్డం వచ్చింది. దాన్ని తిక్కవాగు అంటారు. గుర్రం దిగగానే వాగు గలగలా నవ్వి, "నన్ను దాటాలంటే నన్ను తాగాలి పిల్లా!" అంది.

"అదెంత పని!" అని కువలయ దోసిళ్ళతో గటగటా తాగింది. మరుక్షణం కడుపు తిప్పి, తాగిందంతా కక్కి, గట్టు మీద వెల్లకిలా పడింది. లేచి మరింత తాగింది. మరింత కక్కింది. కత్తితో నీళ్ళను నరికింది కూడా. నీళ్ళకు దెబ్బ తగులుతుందా? పొద్దు పైకి వస్తోంది, తమ్ముడు కోటలో ఉన్నాడు, తను గట్టు మీదే ఉంది. ఏమీ తోచక చతికిలబడి, ఎండిన పెదవుల మీద తడివేళ్ళు అద్దుకుంది. ఆ చుక్క మాత్రం లోపల నిలిచింది. కాసేపాగి ఇంకో చుక్క వేసుకుంది. అదీ నిలిచింది. అలా చుక్క చుక్కా చప్పరిస్తూ కూర్చుంటే వాగు మెల్లగా తగ్గి, అడుగున రాళ్ళు తేలాయి.

"తొందరపడ్డవాళ్ళని గట్టుకి విసిరికొడతాను. నిదానించినవాళ్ళకి దారిస్తాను. పో తల్లీ, పో," అంది తిక్కవాగు.

గుర్రాన్ని గట్టు మీదే విడిచి, వాగు దాటి కొంత దూరం ఎక్కిందో లేదో, గుహ ముందు ఒక ఆడసింహం దారి మూసుకొని పడుకుని ఉంది. దాని ముందు మూడు కూనలు. ఒకటి కొండ అదిరేలా అరుస్తోంది. ఒకటి కుంయ్ కుంయ్‌మంటోంది. మూడోది ఒక పక్కకు ఒరిగి, అరమోడ్పు కళ్ళతో చప్పుడు చెయ్యకుండా ఉంది.

"మూడింటికీ ఒంట్లో బాగాలేదు. ముందుగా దేన్ని ఎత్తుకోవాలో చెప్పు. తప్పితే నువ్వే మాకు ఫలహారం," అంది సింహం.

ఇందులో ఆలోచించడానికేముంది అనుకొని కువలయ అరిచే కూన వైపు చెయ్యి చాచింది. సింహం గుర్రుమంది. "తెలివితక్కువదానా! ఏడవడానికి బలం ఉండొద్దూ? అరిచేదానికి ఇంకా ఆ బలం ఉంది. ఊరుకున్నదానికి అది కూడా పోయింది."

కువలయ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పొద్దున అంతఃపురం ఎంత ప్రశాంతంగా ఉందో ఆమెకు గుర్తొచ్చింది. "అయ్యో, మా తమ్ముడు ఏడుపు మానాడు! తగ్గిందనుకొని సంతోషంగా వచ్చేశాను. తినేస్తే తినేసెయ్, ఇంక నేనేం చెయ్యను?" అని భోరుమంది.

సింహమైనా అదీ పిల్లలతల్లే. మూడో కూనను నోట కరిచి తెచ్చి, తన పొదుగు దగ్గర పడుకోబెట్టుకుంది. అది కాస్త కాస్తగా చప్పరించడం మొదలుపెట్టింది. నెమ్మదిగా మూడూ పాలు తాగేదాకా ఆగి, సింహం లేచింది. "ఉత్తచేతులతో వెనక్కి వెళ్ళి మాత్రం ఏం చేస్తావు? ఎక్కు నా వీపు," అంది.

కొండకొమ్మున ఎండుమానులా కూర్చుని ఉంది శోషిణి. కువలయ కత్తి ఎత్తింది. రాక్షసి కదల్లేదు.

"నరుకు. నాకూ విరక్తి పుట్టింది," అంది.

"పసిపిల్లల్ని పీల్చి చంపుతూ విరక్తి కూడానా?"

"నేను ఏ తలుపూ తట్టనే పిల్లా! దాహంతో ఉన్న బిడ్డ నోటికి ఏ ఇంట్లో నీళ్ళాపుతారో, ఆ ఇంటికి నా కాళ్ళు వాటంతటవే లాక్కుపోతాయి. అది నా శాపం. నీళ్ళు ఇచ్చే ఇంటి గడప నేను తొక్కలేను. మీ ఊళ్ళో నన్ను ఆపిన గడప ఒక్కటీ లేదు."

"విరేచనాలవుతుంటే నీళ్ళెలా ఇస్తాం? ఇచ్చినవన్నీ పోతాయి కదా!"

"కుండ కారుతోందని నీళ్ళు పొయ్యడం మానేస్తే కుండ నిండుతుందా?"

కువలయ కత్తి దించింది. ఇంత చిన్న మాట ఊరంతటిలో ఒక్కరికీ తోచలేదే అని గుండె తరుక్కుపోయింది. ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారిపోతుంటే శోషిణి చెప్పుకుపోయింది. నీళ్ళు బాగా మరిగించి చల్లార్చాలి. అందులో బియ్యం మెత్తగా ఉడికించిన పల్చటి గంజి, చిటికెడు ఉప్పు కలపాలి. తల్లిపాలు ఆపనే కూడదు.

"ఉప్పు ఎంత?"

శోషిణి ఎండువేలితో కువలయ చెంప మీది కన్నీటిని తాకి, "ఇది నాలిక మీద వేసుకొని చూడు. గంజి ఇంతకన్నా ఉప్పగా ఉండకూడదు. ఎక్కువైతే ఉప్పే బిడ్డకి విషం," అంది.

"ఇప్పుడు వెళ్తే తమ్ముడు దక్కుతాడా?"

"నాకు తెలీదు. పరిగెత్తు."

సింహం గాలిలా పరిగెత్తి, మధ్యాహ్నానికి ఆమెను కోటలో దించింది. తమ్ముడి కళ్ళు గుంటలు పడ్డాయి. నడినెత్తి మీద మాడు పల్లంగా దిగిపోయింది. పొట్ట మీది చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది. కువలయ వంటశాలకు పరిగెత్తి గంజి కాయించి, రుచి చూసి, చల్లార్చి, ఉగ్గుగిన్నెలో తెచ్చింది.

సోమిదేవుడు చేతులడ్డం పెట్టాడు. "వద్దు తల్లీ! ఉన్న ప్రాణమూ పోతుంది!"

"ఆపి చూశారు కదా తాతగారూ. ఎంతమంది దక్కారు?" అంది కువలయ.

ముసలాయన చేతులు వాటంతటవే కిందికి జారాయి. కువలయ తమ్ముణ్ణి తండ్రి ఒళ్ళో తల ఎత్తుగా పడుకోబెట్టి, గిన్నె కొమ్మును పెదవికి ఆనించింది. ఆదుర్దాలో కాస్త ఎక్కువే ఒంపింది. వాడు మింగి, మింగినదంతా కక్కేశాడు. "చూశావా!" అని గదిలో ఎవరో కెవ్వుమన్నారు. ఆమెకు గిన్నె పారేసి పారిపోదామనిపించింది. అయినా ఆగింది. ఊపిరి నిదానించేదాకా ఆగి, ఈసారి ఒక్క చుక్క వేసింది. మళ్ళీ ఆగి, ఇంకో చుక్క. రాణి మరోపక్క పాలు పట్టి చూసింది. వాడు చప్పరించలేకపోయాడు. కాసేపాగి మళ్ళీ చూసింది. అలా ఎంతసేపు! కళ్ళప్పగించి చూడటం తప్ప ఆ గదిలో ఎవరికీ ఏ దారీ లేదు.

దీపాలు పెట్టే వేళకు వాడి నాలుక దానంతటదే గిన్నె కొమ్మును వెతుక్కుంది. రాణి మళ్ళీ రొమ్ము అందిస్తే ఈసారి పట్టుకుని లాగాడు. ఉన్నట్టుండి మహారాజు "అరెరే!" అంటూ ఉలిక్కిపడ్డాడు. ఆయన జరీ పట్టుపంచె వెచ్చగా తడిసిపోయింది.

సోమిదేవుడు పరిగెత్తుకొచ్చి ఆ తడిని చేత్తో తడిమి చూశాడు. "పోశాడు మహారాజా! నిన్నటినుంచి ఒక్క చుక్క పోస్తే ఒట్టు. ఒంట్లోకి నీళ్ళు చేరాయి, బిడ్డ దక్కాడు!" అని పసివాడిలా ఏడ్చాడు. తరువాత గొంతు తగ్గించి, "నేను ఆపించిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి తల్లీ. ఇంకా ఊపిరితో ఉన్నవాళ్ళున్నారు. నాకూ ఒక గిన్నె ఇయ్యి," అన్నాడు.

"కువలయా, ఏం కావాలో కోరుకో. నా తరువాత రాజ్యం నీదే," అన్నాడు రాజు.

"రాజ్యం సంగతి తరువాత చూద్దాం నాన్నగారూ. ముందు ఆ గంజికుండ పట్టండి."

రాజు పసివాణ్ణి రాణికి అందించి లేచాడు. పంచె మార్చుకోవడానికి కూడా ఆగలేదు. ఆ తడిపంచెతోనే గంజికుండ భుజానికెత్తుకొని, కూతురి వెనకా ముసలి వైద్యుడి వెనకా వీధిలోకి నడిచి, మొదటి ఇంటి తలుపు తట్టాడు.